మాట వినపడితేనే... ఇల్లు థియేటర్!

కిటికీ అద్దాలు అదిరిపోవాలని మనవడికి. డబ్బులు దండగ కాకూడదని కొడుక్కి. తెరమీద వాళ్లు ఏమంటున్నారో తెలిస్తే చాలని నాన్నమ్మకి. హోమ్ థియేటర్ ఒక్కటే, కోరికలు మూడు. మూడూ తీరాలంటే దుకాణంలో ఏం చూడాలి, హాల్లో ఏం చేయాలి?

* * *

పొన్నూరు చెవులకు శబ్దం కొత్తేమీ కాదు. నిడుబ్రోలు స్టేషన్ మీదుగా విజయవాడ, చెన్నై మధ్య రాత్రీపగలూ రైళ్లు నడుస్తూనే ఉంటాయి. గుంటూరు - చీరాల రోడ్డు మీద బస్సులకూ లారీలకూ తెరిపి ఉండదు. ధనుర్మాసం వచ్చిందంటే తెల్లారకముందే గుడి మైకు లేపేస్తుంది. ఇక పెళ్లిళ్ల రోజుల్లో డోలూ సన్నాయీ సరేసరి.

ఇన్ని చప్పుళ్ల మధ్యే ఒకప్పుడు జనం శ్రద్ధగా రేడియో విన్నారు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948లో మొదలైంది. అక్కణ్నుంచి నాటకం వస్తోందంటే రేడియో ఉన్న ఇంటి అరుగు నిండిపోయేది. బొమ్మ లేదు, రంగు లేదు. ఉన్నది ఒక్క చిన్న స్పీకరే. అయినా ఎవరు అలిగారో, ఎవరు ఏడ్చారో అందరికీ తెలిసేది.

ఇప్పుడు గోడ నిండా టీవీ ఉంది. హీరో నుదుటి మీది చెమట చుక్క కూడా కనిపిస్తుంది. వాడు ఏమన్నాడో మాత్రం పక్కవాళ్లని అడగాల్సి వస్తోంది!

తప్పు టీవీది కాదు, దాని నడుముది. పాత డబ్బా టీవీలో పిక్చర్ ట్యూబ్ పక్కన ఓ మాదిరి స్పీకర్ పెట్టడానికి చోటుండేది. టీవీ పలచబడేకొద్దీ ఆ చోటు పోయింది. చాలా సెట్లలో చిన్న చిన్న స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. శబ్దం ముందు గోడకు తగిలి, తర్వాత మన దగ్గరికి వస్తుంది. అందుకే బయటి స్పీకర్ల అవసరం.

'నాకెందుకులే, మీరు చూడండి'

పొన్నూరులో ఒక ఇల్లు అనుకుందాం. వరి అమ్మిన డబ్బు చేతికొచ్చింది. మినుము ఇంకా చేలోనే ఉంది. పండగ దగ్గర పడింది. 'ఈసారి హోమ్ థియేటర్ కొనాల్సిందే నాన్నా' అని కొడుకు పట్టు. 'ఉన్న టీవీకి ఏమైందిరా?' అని తండ్రి బెట్టు. వంటింట్లోంచి కోడలు 'ఏది కొన్నా అత్తయ్యకి వినపడేది కొనండి' అంటుంది. అసలు విషయం ఆ ఒక్క మాటలో ఉంది.

ఆ ఇంట్లో నాన్నమ్మ సీరియల్ చూస్తూ నిమిషానికోసారి 'ఏమందిరా ఆ పిల్ల?' అని అడుగుతుంది. మొదట్లో మనవడు ఓపిగ్గా చెప్పేవాడు. తర్వాత సౌండు పెంచడం మొదలుపెట్టాడు. పెంచితే నేపథ్య సంగీతం చెవులు చిల్లులు పొడుస్తోందే తప్ప మాట తేటపడదు. కొన్నాళ్లకు ఆవిడే 'నాకెందుకులే, మీరు చూడండి' అంటూ లేచి తన గదిలోకి వెళ్లిపోవడం అలవాటు చేసుకుంది. అప్పుడు పోయింది సీరియల్ ఒక్కటే కాదు... సాయంత్రం పూట అందరితో కలిసి కూర్చునే ఆ గంట కూడా.

వయసుతోపాటు వినికిడి అన్ని స్థాయుల్లోనూ ఒకేలా తగ్గదు. ముందు సన్నని శబ్దాలు పోతాయి. మనిషి గొంతులోని అచ్చులు బరువైనవి, అవి వినపడతాయి. స, ష, త, ప, క లాంటి హల్లులు తేలికైనవి, అవి జారిపోతాయి. కాలు, పాలు, తాలు... మూడూ ఒక్కలాగే చెవిన పడతాయి. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. పైగా బరువైన శబ్దానికి సన్నని శబ్దాన్ని కప్పేసే గుణం ఉంది. 'బేస్' పెంచేకొద్దీ మాట ఇంకా మునిగిపోతుంది. దుకాణంలో 'దుమ్ము లేపే' సెట్టు ఇంట్లో పెద్దవాళ్లకు పనికిరాకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి హోమ్ థియేటర్‌కి ఇంట్లో పెట్టే మొదటి పరీక్ష - కిటికీ అదరడం కాదు, మాట అందడం.

అయిదూ ఒకటీ... ఎవరి పని వారిది

డబ్బా మీద 5.1 అని రాసి ఉంటుంది. అంటే అయిదు మామూలు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్. సినిమా హాళ్లలో డాల్బీ డిజిటల్ శబ్దం 1992లో 'బ్యాట్‌మన్ రిటర్న్స్'తో వచ్చింది. మరుసటి ఏడాది 'జురాసిక్ పార్క్'తో డీటీఎస్ వచ్చింది. ఆ తర్వాత డీవీడీలతో పాటు ఈ పద్ధతే మన హాళ్లలోకి దిగింది.

ఇందులో అందరూ చిన్నచూపు చూసేదీ, అసలు బరువు మోసేదీ మధ్య స్పీకరే. టీవీకి సరిగ్గా కిందో పైనో ఉండే సెంటర్ స్పీకర్ అన్నమాట. సినిమాలో మాటలు చాలావరకు దాంట్లోంచే వస్తాయి. కుడి ఎడమల స్పీకర్లు పాటకూ సంగీతానికీ. వెనకవైపువి వానకూ గాలికీ జనం సందడికీ. సబ్‌వూఫర్ ఉరుముకూ పేలుడుకూ. డబ్బు సరిపోక ఎక్కడో ఒకచోట తగ్గించాల్సి వస్తే వెనక స్పీకర్లలో తగ్గించండి, సెంటర్‌లో మాత్రం వద్దు. ముందుండే మూడూ ఒకే కంపెనీ, ఒకే వరుసవి అయితే మంచిది. లేకపోతే పాత్ర తెరమీద ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచేసరికి గొంతు మారిపోతుంది.

చోటు కూడా ముఖ్యమే. సోఫా నుంచి టీవీకి తొమ్మిది అడుగులుంటే కుడి ఎడమ స్పీకర్ల మధ్య కూడా దాదాపు అంతే దూరం ఉండాలి. మీరూ ఆ రెండు స్పీకర్లూ కలిసి మూడు భుజాలూ సమానమైన త్రిభుజం కావాలి. అంత చోటు లేకపోతే కాస్త దగ్గరగా జరిపినా ఫర్వాలేదు. వెనక స్పీకర్లు అచ్చంగా వీపు వెనక కాదు, మీ చెవులకు పక్కన కొంచెం వెనగ్గా ఉండాలి. ముందు వాటి ఎత్తు కూర్చున్నవారి చెవులకు సమానంగా ఉండాలి. పొన్నూరు సహస్రలింగేశ్వరస్వామి గుడిలో ఆంజనేయుడూ గరుత్మంతుడూ అంతెత్తున నిలబడితే చూడముచ్చటగా ఉంటుంది. స్పీకర్లు అలా అటక మీద నిలబడితే మాటలు నెత్తిమీంచి వెళ్లిపోతాయి.

ఇంకో పొరపాటు, సెంటర్ స్పీకర్‌ని షోకేస్ అరలోకి లోపలిదాకా తోసెయ్యడం. కుండలో తలపెట్టి మాట్లాడినట్టు ఉంటుంది. అర అంచు దాకా బయటికి లాగి, కింద ఉంటే ముందుభాగం కొద్దిగా పైకెత్తి, చెవులకేసి చూసేలా పెట్టాలి. తేడా ఆ క్షణంలోనే తెలుస్తుంది.

వేల వాట్ల మాయ

దుకాణంలో ముందు కనిపించేది అట్టపెట్టె మీద అంకె. వెయ్యి, రెండు వేలు, అయిదు వేల వాట్లు అని రాసి ఉండొచ్చు. దాని పక్కన పీఎంపీఓ అని ఉంటే ఆ అంకెని అక్కడే వదిలేయండి. రెప్పపాటులో ఒక్కసారి రావచ్చని లెక్కగట్టే శక్తి అది. దాన్ని కొలవడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతంటూ లేదు. చూడాల్సింది ఆర్ఎంఎస్. అంటే ఆగకుండా ఇవ్వగలిగే శక్తి.

అందులోనూ ఒక కిటుకుంది. యాభై వాట్లది వంద వాట్లు అయితే శబ్దం రెట్టింపు కాదు. పెరిగేది మూడు డెసిబెల్స్ మాత్రమే, అది చెవికి 'కొంచెం పెరిగింది' అన్నట్టుంటుంది. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్ల శక్తి కావాలి. కాబట్టి వాట్ల కోసం అప్పు చేయక్కర్లేదు. దానికన్నా స్పీకర్ 'సెన్సిటివిటీ' అడగండి. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ పలుకుతుందో చెప్పే అంకె అది. 85 ఉన్నదానికన్నా 88 ఉన్నది సగం శక్తితోనే అంత శబ్దం ఇస్తుంది. ఎకరానికి ఎంత ఎరువు వేశామన్నది కాదు, ఎన్ని బస్తాలు పండాయన్నదే లెక్క!

కొనేముందు మీకు బాగా తెలిసిన సినిమా తీసుకెళ్లండి. దుకాణంవాళ్లు వేసే పేలుళ్ల ముక్క చూసి మోసపోవద్దు. ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే సన్నివేశం పెట్టించుకుని, సౌండు తగ్గించి వినండి. తక్కువలోనూ మాట తేటగా ఉంటే అది మంచి సెట్టు. వీలైతే నాన్నమ్మని కూడా వెంటబెట్టుకెళ్లండి. ఆ ఇంట్లో అందరికన్నా పెద్ద పరీక్షకురాలు ఆవిడే.

గూడ్సు బండి నేర్పే పాఠం

సబ్‌వూఫర్ సంగతి నిడుబ్రోలు స్టేషన్ దగ్గర ఇళ్లవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. రైలు కూత వినగానే ఏ దిక్కు నుంచి వస్తోందో చెప్పేస్తాం. అదే గూడ్సు బండి బరువుగా వెళ్తుంటే వచ్చే గుడగుడ ఏ దిక్కుదో చెప్పలేం. మంచం కోళ్లలో, గిన్నెల స్టాండులో, గుండెల్లో తెలుస్తుంది. సన్నని శబ్దానికి దిక్కుంటుంది, బాగా మందమైన శబ్దానికి చెవి దిక్కు కనిపెట్టలేదు. అందుకే సబ్‌వూఫర్ టీవీ పక్కనే ఉండాలన్న నియమం లేదు. 80 హెర్ట్జ్‌కి కింద ఉన్న శబ్దాన్ని దానికి అప్పగించి, పైదంతా మిగతా స్పీకర్లకు వదిలేయడం చాలామంది పాటించే లెక్క. అంతకు బాగా పెంచితే మగ గొంతులు కూడా సబ్‌వూఫర్‌లోంచి గుయ్‌మంటూ మొదలవుతాయి.

అయితే ఎక్కడైనా పెట్టొచ్చు కదా అని ఎక్కడో ఒక మూలన పడేస్తే కుదరదు. మందమైన శబ్దపు అలలు చాలా పొడుగ్గా ఉంటాయి. శబ్దం సెకనుకి సుమారు 1,130 అడుగులు పోతుంది. 40 హెర్ట్జ్ అల పొడవు 28 అడుగులు. పద్నాలుగు అడుగుల హాలు దానికి సరిగ్గా సగం. అందుకని ఆ అల రెండు గోడల మధ్య ఇరుక్కుని ఊగుతుంది. గోడల దగ్గర చెవులు దద్దరిల్లుతాయి, హాలు నడిమధ్యలో ఆ శబ్దం దాదాపు మాయమవుతుంది. ఒకే గదిలో గోడకానుకున్న బాబాయికి 'అబ్బో' అనిపించేది, మధ్యలో కుర్చీ వేసుకున్న మావయ్యకి 'ఏముందిందులో' అనిపించడం అందుకే. సోఫాని వెనక గోడకు ఆనించకుండా, హాలు నట్టనడుమా వేయకుండా రెంటికీ మధ్యలో జరిపితే సగం గొడవ తగ్గుతుంది.

మిగతా సగానికి ఒక వేడుకైన ఉపాయం ఉంది. సబ్‌వూఫర్‌ని తాత్కాలికంగా మీరు కూర్చునే సోఫా మీదే పెట్టి, బేస్ ఎక్కువున్న పాట వేయండి. ఇక చెవి నేల దగ్గర పెట్టి గోడల వెంబడి పాకుతూ రండి. ఒకచోట మూతి బిగించినట్టు, ఒకచోట గుభేలుమన్నట్టు, ఒకచోట ఒక్కో దరువూ విడివిడిగా, పొందిగ్గా వినిపిస్తుంది. ఆ మూడోచోటే దాని నివాసం. మనవడు మోకాళ్ల మీద పాకుతుంటే ఇల్లంతా నవ్వుతుంది, నవ్వనివ్వండి. కొలత టేపులు చేయలేని పని అది చేస్తుంది.

పెట్టాక శబ్దం స్థాయి తగ్గించుకుంటూ రండి. సబ్‌వూఫర్ పలుకుతోందని ప్రత్యేకంగా తెలియకూడదు. ఆపేస్తే మాత్రం ఏదో వెలితి అనిపించాలి. పప్పులో ఇంగువలాగ!

గది కూడా ఒక స్పీకరే

హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట్లు కొట్టండి. 'ట్రింగ్' మని సాగుతూ తిరిగొచ్చిందా? మీ గది మాటల్ని మింగేస్తోందన్న మాట. కింద పాలరాయి, పైన స్లాబు, పక్కన నున్నటి గోడలు, ముందు అద్దాల షోకేస్... శబ్దానికి ఎక్కడా ఆనడానికి మెత్తని చోటు లేదు. ఒక మాట స్పీకర్ నుంచి ఒకసారి, గోడల నుంచి నాలుగుసార్లు చెవిన పడితే కుర్రాడికే తికమక. నాన్నమ్మ సంగతి చెప్పేదేముంది?

దీనికి ఖరీదైన పలకలేవీ అక్కర్లేదు. స్పీకర్లకీ సోఫాకీ మధ్య మందపాటి తివాచీ, కిటికీలకు బరువైన తెరలు, వెనక గోడకి పుస్తకాల బీరువా, పక్కన దివాను మీద దూది పరుపు చాలు. పత్తి పండే జిల్లాలో మెత్తదనానికి కరవేముంది! ఇవన్నీ చేశాక మళ్లీ చప్పట్లు కొట్టి చూడండి. కానీ ఒక్క మాట. గుడగుడమనే బేస్ మాత్రం పరుపులకీ తెరలకీ లొంగదు. దానికి సబ్‌వూఫర్ చోటు మార్చడమే మందు.

ఎర్ర వైరు, నల్ల వైరు

స్పీకర్‌కీ యాంప్లిఫయర్‌కీ వెనక ఎర్ర, నల్ల రెండు బిగింపులుంటాయి. ఎర్రది ఎర్రదానికీ నల్లది నల్లదానికీ కలపాలి. ఒక్క స్పీకర్‌కి అటూ ఇటూ అయితే ఒకటి ముందుకు తోస్తుంటే ఇంకొకటి వెనక్కి లాగుతుంది. బేస్ పలచబడుతుంది, గొంతు ఎక్కణ్నుంచి వస్తోందో తెలియకుండా పోతుంది. చాలామంది 'సెట్టు బాగాలేదు' అని తిట్టుకునే సెట్లలో లోపం ఇదే.

టీవీ నుంచి యాంప్లిఫయర్‌కి ఒకటే హెచ్‌డీఎంఐ తీగ చాలు. అది రెండువైపులా 'ఏఆర్‌సీ' అని రాసి ఉన్న రంధ్రంలోనే ఉండాలి. కేబులూ డీటీహెచ్చూ ఫోనూ ఏది పెట్టినా మాట అదే దారిలో వస్తుంది. ఎడతెగని గుయ్‌మనే మోత వినిపిస్తే ఒకసారి కేబుల్ టీవీ తీగ ఊడదీసి చూడండి. మోత ఆగితే దొంగ దొరికినట్టే. మోత పోతుందని ప్లగ్గులో ఎర్తు పిన్ను మాత్రం తీసేయకండి. అది ప్రాణం కాపాడే పిన్ను. కరెంటు హెచ్చుతగ్గులున్న చోట మంచి స్టెబిలైజర్ వాడటం, తీగల్ని ఎలుకలు కొరక్కుండా ప్లాస్టిక్ గొట్టంలో నడపడం మరవద్దు. సముద్రపు తేమ గాలి తగిలే మన ప్రాంతంలో స్పీకర్ చుట్టూ అంచు స్పాంజిది అయితే ఏళ్లు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతుంది, రబ్బరుది ఎక్కువ కాలం మన్నుతుంది.

నాన్నమ్మ మీట

అన్నీ అమిరాక రిమోట్ పట్టుకుని చేయాల్సిన అసలు పని మిగిలి ఉంది. సెట్టింగుల్లో ఒక్కో స్పీకర్ స్థాయి విడిగా మార్చే చోటు ఉంటుంది. ముందు అన్నీ సమానంగా వినిపించేలా సర్దండి. తర్వాత సెంటర్‌ని రెండు మూడు డెసిబెల్స్ పెంచండి, సబ్‌వూఫర్‌ని కొంచెం తగ్గించండి. మొత్తం సౌండు పెంచకుండానే మాట ముందుకొస్తుంది.

సీరియళ్లూ వార్తలూ చాలావరకు రెండు స్పీకర్ల లెక్కలోనే వస్తాయి. అప్పుడు సెంటర్ ఊరుకుంటుంది. 'సరౌండ్' లేదా 'ప్రోలాజిక్' లాంటి మీట నొక్కితే మాటల్ని ఏరి దానికి అందిస్తుంది. 'నైట్ మోడ్' నొక్కితే గుసగుసకూ పేలుడుకూ మధ్య తేడా తగ్గుతుంది. దాంతో మాటకోసం పెంచడం, ఫైటు రాగానే తగ్గించడం అనే రిమోట్ కుస్తీ తప్పుతుంది.

అయిదు స్పీకర్లూ వాటి తీగలూ భరించలేమనేవాళ్లకు సౌండ్‌బార్ ఉంది. అందులోనూ మాటకు విడిగా సెంటర్ ఉన్నది, అంటే 3.1 అని రాసినది ఎంచుకోవాలి. తలపైనుంచి కూడా శబ్దం కురిపించే అట్మాస్ 2012లో థియేటర్లకూ 2014లో ఇళ్లకూ వచ్చింది. ముందు మూడు స్పీకర్లూ కుదిరాక దాని సంగతి ఆలోచించొచ్చు, తొందరేం లేదు.

ఇంత చేసినా మాట అందకపోతే ఇక అది స్పీకర్ల పని కాదు. ఒకసారి ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాలి. కొన్నిసార్లు చెవిలో గులిమి తీస్తేనే సరిపోతుంది. వినికిడి యంత్రం అవసరమైతే టీవీ శబ్దాన్ని నేరుగా అందులోకి పంపే సాధనాలు కూడా ఉన్నాయి. 'పెద్దతనం కదా, అంతే' అని వదిలేయాల్సిన విషయం మాత్రం కాదు.

గోడ అవతలి ఇల్లు

మన హాల్లో మాట పక్కింటికి వెళ్లదు. బేస్ వెళ్తుంది. పొడుగాటి అల గోడని సైతం ఊపేస్తుంది కాబట్టి మనకి ఉరుములా వినిపించింది, వాళ్లకి గోడ మీద రోకలి పోటులా వినిపిస్తుంది. అవతల పరీక్షలకు చదివే పిల్లాడు ఉండొచ్చు, ఇప్పుడే నిద్రపట్టిన పసిబిడ్డ ఉండొచ్చు. శబ్ద కాలుష్యంపై 2000లో వచ్చిన నిబంధనలు ఇళ్లున్న ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని పరిమితి పెట్టాయి. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. చట్టం సంగతి అటుంచినా, సబ్‌వూఫర్‌ని పక్కింటి గోడకు దూరంగా జరిపి, కింద మందపాటి రబ్బరు మెత్త వేసి, పది దాటాక దాని మీట తిప్పేస్తే రెండిళ్ల మధ్య పలకరింపులు మిగులుతాయి.

అంతా అయిపోయిందనుకున్నాక ఒక్క పరీక్ష చేయండి. తెర ఆపేసి, ఒక రేడియో నాటకమో ఘంటసాల పద్యమో పెట్టండి. సౌండు మామూలు మాటంత ఉండాలి. గొంతు ఏ డబ్బాలోంచో కాకుండా ఎదురుగా ఒక మనిషి నిలబడి పలుకుతున్నట్టు ఉందా? నాన్నమ్మ ఎవర్నీ ఏమీ అడక్కుండా మీకన్నా ముందే తలూపిందా? అయితే పని పూర్తయినట్టే. ఇక ఏ మీటా ముట్టుకోకుండా ఆ స్థాయుల్ని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రేపు మనవడి స్నేహితులొచ్చి ఎటూ మార్చేస్తారు!